మెట్లదారికి గాలి కాపు పెట్టిన మనిషి

1991 జూన్ మూడో తేదీన మా సంస్థలో సహాయ ఇంజనీరుగా చేరిన మా పొగ మాస్టారు ఈ నెలాఖరున ప్రధాన ఇంజనీరుగా పదవీ విరమణ చేస్తున్నారు. పని మాట్లాడి తెచ్చే బాధ్యత మొదటినుంచీ నాది. దాన్ని నిలబెట్టే బాధ్యత వారిది. నేను ఏ మనిషినైనా ఏం తెచ్చాడు, ఏం మిగిల్చాడు అనే చూస్తాను. ఆ లెక్కన చూసినా వారివైపు తక్కెడ ఎప్పుడూ మొగ్గే ఉంది.

తొలినాళ్ళలో వారు గోదాముల పైకప్పులకు పొగను పసిగట్టే పరికరాలు బిగించేవారు. తర్వాత కార్డుతో తెరుచుకునే తలుపులు, కెమెరాలు వచ్చాయి. ఆపైన దీపాలు, ఏసీలు, ఫ్యాన్లు ఎప్పుడు నడవాలో కంప్యూటరే చూసుకునే విద్యుత్ పొదుపు వ్యవస్థలు వచ్చాయి. వారు అన్నీ నేర్చుకొని, మూడింటినీ ఒక్క తాటిపైకి తెచ్చారు. భవనం అప్పగించేముందు మెయిన్ స్విచ్ కట్టేయించి, పొగ పెట్టి చూడనిదే సంతకం చేయకపోవడం వారి నియమం. 'పొగ మాస్టారు' అన్న బిరుదు దానివల్లే వచ్చింది. "ఈయన ఇంటికొస్తే చాలు, చొక్కా వాసనకి పక్కింటివాళ్ళు బిందెలతో పరిగెత్తుకొస్తున్నారు" అని వారి శ్రీమతిగారు మమ్మల్ని దెప్పేవారు.

ఆ నియమానికి అసలు పరీక్ష ఒక ఆసుపత్రి దగ్గర ఎదురైంది. ప్రారంభోత్సవం ఆదివారం. ఆ ఉదయం ఆవరణలో అతిథులకు కుర్చీలు వేస్తూ ఉండగా మాస్టారు ప్రసూతి వార్డులో నిచ్చెనెక్కారు. ఆసుపత్రి యజమాని నన్ను పట్టుకున్నారు.

"జనం వచ్చేవేళకి ఈ పొగేంటండీ? మీ మనిషిని దింపండి!"

"దిగుతానండీ. ముందు ఈ పొగ పరికరాన్ని పలకనివ్వండి" అన్నారు మాస్టారు పైనుంచే.

అలారం మోగింది. జనరేటరు అందుకుంది. లిఫ్టులు కిందికొచ్చి తెరుచుకున్నాయి, తలుపుల తాళాలు వదిలాయి. కానీ మెట్లదారిలోకి గాలి తోసి పొగను రానివ్వకుండా ఆపాల్సిన పెద్ద ఫ్యాను మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది. పొదుపు కోసం సెలవు రోజుల్లో ఆపేసే ఫ్యాన్లతో పాటు దాన్నీ ప్రోగ్రాములో కలిపేశారు. పనిదినాల్లో చేసిన పరీక్షల్లో అది బాగానే తిరిగింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

"ఎవరండీ ఈ ఘనకార్యం చేసింది?" అన్నారు యజమాని.

"నేనేనండీ" అన్నారు మాస్టారు. "కరెంటు మిగల్చబోయి ప్రాణం కాపాడేదాన్ని కట్టేశాను. ఇది సరయ్యేదాకా ఒక్క రోగినీ చేర్చుకోవద్దు."

"నా పరువు పోతుందయ్యా!"

"పోతే నాది పోతుంది లెండి. అది మళ్ళీ తెచ్చుకుంటాను."

ఆ ఒక్క మాటకు కాంట్రాక్టు ఊడిపోవచ్చు. అతిథులు ఎండలో కూర్చునే ఉన్నారు. మాస్టారు నిప్పు అలారం ఇచ్చే ఆదేశం మిగతా ఆదేశాలన్నిటినీ తోసిరాజనేలా ప్రోగ్రాము మార్చి, మళ్ళీ మెయిన్ కట్టేయించి, మళ్ళీ పొగ పెట్టారు. ఫ్యాను హోరెత్తింది. మెట్ల తలుపు తోసిన యజమాని ఒక అడుగు వెనక్కి వేశారు.

"అబ్బో, ఎదురు తన్నుతోందే!"

"తన్నాలండీ. పొగనీ అలాగే తన్నాలి."

మొదటి చప్పట్లు ఆ యజమానివే.

కొన్నేళ్ళకు, మరో ఆదివారం, ఆ ఆసుపత్రిలో దుప్పట్ల గది అంటుకుంది. నర్సులు పసికందులను గుండెలకు హత్తుకొని ఆ మెట్లమీదుగానే దిగారు. "ఒక్క బిడ్డా దగ్గలేదండీ! ఆ గాలికి మా టోపీలే ఎగిరిపోయాయి" అని హెడ్ నర్సు మాస్టారికి ఫోన్‌లో ఏడుస్తూ, నవ్వుతూ చెప్పారు. ఆనాటినుంచి పని కోసం నేను గడపలు తొక్కనక్కర్లేకపోయింది. ఆ యజమానే పదిమందిని మా దగ్గరికి పంపారు. నేను నేర్పుగా కుదిర్చిన బేరాలన్నీ కలిపినా, మాస్టారు నలుగురిలో ఒప్పుకున్న ఆ ఒక్క తప్పు తెచ్చిన నమ్మకానికి సరితూగవు.

ఆ మెట్లు దిగిన పసివాళ్ళు పెరిగి పెద్దవారై, తమ బిడ్డలను ఎత్తుకొని తిరిగేనాటికీ మా మాస్టారు శ్రీమతిగారితో కలిసి నిండు ఆరోగ్యంతో, నిటారుగా నడుస్తూ, గుండెల నిండా చల్లని గాలి పీల్చుకుంటూ ఉండాలని సంస్థ యావత్తూ మనసారా కోరుకుంటోంది.