పటంలో ఏరు దాటిన రంగులాయన

"నాకేదో పెద్ద పనితనం ఉందని కాదు గానీ, ఆ బొమ్మల మ్యూజియంలో గోడలకి రంగేసింది నేనే," అంటూ టీ కొట్టు బల్ల మీద మఠం వేసుక్కూర్చున్నాడు రంగులాయన. "అక్కడో ఏటి ఒడ్డు పటం ఉంది. దగ్గరకెళ్ళి చూస్తే అన్నీ చుక్కలూ మరకలూ, ఎవరో కుంచె దులిపిపోయినట్టు. నేనలా వేస్తే మెడపట్టి గెంటేవాళ్ళు. పదడుగులు వెనక్కెళ్ళానా, బాబోయ్! నీళ్ళు, చెట్లు, పడవ, పడవలో గొడుగేసుకున్న ఓ ఆవిడ! ముప్ఫయ్యేళ్ళుగా గోడలకి వేస్తున్నా, నా పనిని దూరం నుంచి చూసినవాడు లేడు. అందరూ ముక్కు ఆనించి వంకలు పెట్టేవాళ్ళే!"

"వంకలుంటే పెట్టరూ?" అంది టీ కొట్టావిడ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నిచ్చెన మీంచి నా కుంచెలో తెల్లచుక్క ఒకటి టప్పున జారి సరిగ్గా ఆ ఏట్లో పడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మ్యూజియం పెద్దాయన పరిగెత్తుకొచ్చి చూసి, 'ఆహా, ఇప్పుడొచ్చిందయ్యా నీళ్ళకి మెరుపు!' అన్నాడు."

"అన్నాడూ?" అన్నాడు పక్క కొట్టు పంక్చర్లాయన.

"అనడమేంటి, నా చెయ్యి కళ్ళకద్దుకున్నాడు! అంతలో ఆ మెరుపు కదిలింది. ఏరు పారడం మొదలెట్టింది. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి దిగాను. పడవలో ఆవిడ, 'తెడ్డు వెయ్యడం వచ్చా?' అంది. నాకు రంగు కలపడమే వచ్చు, ఆ కలిపే కర్రతోనే తెడ్డు వేసుకుపోయాను. అవతలి ఒడ్డున బొమ్మ వేసినాయన కూర్చుని, ఆకాశానికి నీలం చాల్లేదని దిగులుపడుతున్నాడు. మా వంటగదికి వేయగా మిగిలిన డబ్బా ఇచ్చా. ఓసారి పైకి చూడండి, సగం మా వంటగది రంగే!"

అతనికి నిచ్చెన పట్టే బావమరిది అప్పటిదాకా తలొంచుకుని టీ తాగుతున్నాడు. "బావా, ఆ పటానికి అద్దం ఉంది కదా?" అన్నాడు.

రంగులాయన గ్లాసందుకుని టీ ఊదుకోసాగాడు.

"చుక్కా లేదు, గిక్కా లేదు. ఆ బొమ్మ చూస్తూ నోరు తెరుచుకుని నడుచుకుంటూ పోయావు. నుదురు ఠంగుమని అద్దానికి కొట్టుకుంది. మూడు గదుల జనం పోగయ్యారు. ఆ పెద్దాయన అన్నది 'రేపట్నుంచి రావద్దు' అని. నీతోపాటు నా పనీ పోయింది."

రంగులాయన నుదుటి మీద బొప్పిని మెల్లగా తడుముకున్నాడు.

"వాళ్ళు అద్దం అంత శుభ్రంగా తుడుస్తారని నాకేం తెలుసురా? అదే మనం తుడిచిన అద్దమైతే ఆమడ దూరం నుంచే కనబడేది!"