అసిరమ్మ దులిపిన బస్తాలు

ఒరే తాతబాబూ, ఆగాగు. ఆ రేకుని రంపంతో కొయ్యకురా. వోన కారితే కారనీ. ముందు కిందకి దిగు. ఏటి, నవ్వుతన్నావ్? మీ అసిరమ్మ మామ్మ ఎలా పోనాదో నీకెవులూ సెప్పలేదేటి? మీ అయ్య కూడా సెప్పలేదా? కూకో అయితే.

మన యారాడలో పైడయ్యని ఉండీవోడు. నాకు బావ, మా అప్ప అసిరమ్మ మొగుడు. ఏటలో సేపలు సరిగ్గా పడక, డెబ్బైల మొదట్లో పోర్టుకాడ ఓడలు బాగుసేసీ కంట్రాక్టరు దగ్గర కూలికి దిగినాడు. ఓడల్లో బాయిలరు గొట్టాలుంటాయి గదా, వేడి బయటికి పోకండా ఆటికి తెల్లపొడి ముద్ద సేసి పూసీవోరు. పాతది గోకీడం, కొత్తది పూసీడం. అదే ఆస్బెస్టాస్, ఆ రేకులో ఉన్నాదీ అదే. సాయంత్రం పోర్టునించి కొండెక్కి ఇవతలకి దిగొత్తంటే మనిషి సున్నంలో పడి లేసినట్టుండీవోడు. ‘బావా, పెళ్ళికొడుకులా పౌడరు రాసుకొచ్చినావ్’ అని ఎగతాళి సేసీవోళ్ళం. ఆ పొడొచ్చిన గోనెబస్తాలు కాళీ అయితే అక్కడ పారేసీవోరు. మావోడు ఊరుకుంటాడేటి, సంకనెట్టుకుని ఇంటికి తెచ్చీవోడు.

మా అప్ప ఆటిని ఇసక మీద పరిసి సేపలు ఎండబెట్టీది. బస్తామీద ఎండితే సేపకి ఇసకంటదు గదా, కొనీవోళ్ళు ఎగబడీవోరు. కానైతే ముందు బస్తా దులపాల. గుమ్మంలో నిలబడి కర్రతో టపాటపా కొట్టీది. తెల్లగా లేసీది, మనిషి కనపడీది కాదు. తరవాత సముద్రంలో జాడించి, ఎండేసి, మళ్ళీ కొట్టీది. ఏం సుబ్బరమో ఆవిడకి! వాడలో అందరూ ఆవిడ బస్తాలే అడిగీవోరు.

ఏటి సెప్తన్నాను? ఆఁ, బావకి దగ్గు. ఆసుపత్రిలో టీబీ అన్నారు, సూదులు పొడిసినారు. తగ్గితేనా! ఎనభైమూడులో ఊపిరందక, కూకున్నోడు కూకున్నట్టే పోనాడు. పడుకుంటే ఊపిరాడీది కాదురా, సానా యాతన పడ్డాడు. అప్పుడు శ్రీరామ్మూర్తి గారని టవున్లో ఓ వకీలు, మంచోడు, ‘ఇది పనివల్ల వచ్చిన జబ్బమ్మా, చట్టముంది, నష్టపరిహారం కేసు వెయ్యి’ అన్నాడు. కంట్రాక్టరు మనుషులేమో అప్పటికే ఊరంతా తిరిగి, ‘తాగి తాగి, సుట్టలు కాల్సి సచ్చినాడు’ అని సెప్పీసినారు. ఆ మాటకి మా అప్ప కుమిలిపోయీది. ‘పనిసేసి పోనాడని ఆ కేసు ఇనీ లేబరు ఆఫీసరు నోటంట రావాల, నాకింకేటీ వొద్దు’ అనీది.

ఇచారణ రోజున ఏటి సేసిందనుకున్నావ్? ‘కంట్రాక్టరు దగ్గర దుమ్మే నేదంతన్నారు గదా, సూపిత్తాను’ అని ఇంట్లోంచి ఓ బస్తా అట్టుకొచ్చింది. ఆఫీసరు బల్ల ముందర ఇప్పి దులిపింది. సేత్తో కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఏటి రాలుతాదిరా? పిసరు రాలనేదు. అన్నేళ్ళు కొట్టి, ఉతికి పెట్టిందాయె. కంట్రాక్టరు వకీలు, ‘చాలా శుభ్రంగా ఉందండీ’ అన్నాడు. గదిలో అందరూ నవ్వినారు. ఆ నవ్వుల్లోనే మా అప్పకి దగ్గొచ్చింది. ఆగదే! గోడట్టుకుని కూలబడిపోనాది.

శ్రీరామ్మూర్తి గారు నవ్వనేదు. బయటికొచ్చాక, ‘అసిరమ్మా, ఈ దగ్గు ఎప్పట్నించి?’ అని అడిగి, పెద్దాసుపత్రికి తీసికెళ్ళి ఎక్సురే తీయించాడు. డాక్టరుబాబు టీబీ అన్నప్పుడు తీసిన మొగుడి ఫోటో, పెళ్ళాం ఫోటో లైటుకి పక్కపక్కనెట్టి, సానాసేపు సూసి, ‘అదే జబ్బమ్మా. దీనికి మందు లేదు’ అన్నాడు. మా అప్ప ఏటడిగిందో తెలుసా? ‘బాబూ, నాను సారా తాగను. మా వాడలో ఆడోళ్ళందరూ నిప్పు నోట్లో ఎట్టుకుని అడ్డపొగ కాలుత్తారు, నాను ఏనాడూ సుట్ట ముట్టనేదు. అయితే ఇది సుట్టవల్ల కాదు గదా? ఆయనదీ కాదు గదా?’ డాక్టరు కాదన్నాడు, ఆ దుమ్మువల్లే అన్నాడు. ‘ఆ మాట రాసీయి బాబూ’ అంది. మొహం ఎలిగిపోనాదిరా. తన సావు కబురది!

డాక్టరు రాసిన ఆ కాయితంతోనే కేసు నెగ్గింది. పైడయ్య పనివల్లే పోనాడని ఆఫీసరు అందరి ముందరా సదివినాడు. నాను ఊరుకోనేక, ‘మరి ఈవిడ మాటేటండీ?’ అన్నాను. శ్రీరామ్మూర్తి గారు తలొంచుకున్నాడు. ‘జీతమిచ్చి పనిలో పెట్టుకున్నవాళ్ళకే చట్టం, ఎల్లారావూ. ఈవిడ ఆ పోర్టు గేటే దాటలేదు. ఏమని వెయ్యను?’ మా అప్ప నా సెయ్యట్టుకుని లాగీసింది. ‘ఆ బాబుని ఇసిగించకు. బేగి నడు, ఊరెళ్ళిపోదాం.’

కొండెక్కుతంటే నాలుగడుగులకోసారి కూలబడిపోనాది. అయినా ఎదురొచ్చినోళ్ళనల్లా ఆపింది. ‘మా ఆయన తాగి సావనేదమ్మా. దుమ్మే సంపిందట. నాకూ అదే ఉన్నాదట, డాక్టరే సెప్పినాడు!’ అని. సంబరంగా సెప్పిందిరా. ఆకరికి ఆవిడా బావలాగే, కూకున్నది కూకున్నట్టే పోనాది.

సర్లే. మీ అమ్మ అన్నానికి పిలుత్తంది. లే.