మూడో తీగ

అమెరికా ఉత్తరాన, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న డులూత్‌లో జనవరి మధ్యాహ్నం. పాత ఇల్లు. పైన హాల్లో, ఇంటి వేడిని అదుపు చేసే కొత్త థర్మోస్టాట్ బిగించిన గోడ దగ్గర ఐలీ నిలబడి ఉంది. కింద బేస్‌మెంట్‌లో, ఇల్లంతటినీ వేడి చేసే ఫర్నేస్ దగ్గర, సెప్టెంబరులో ఇల్లు వదిలి వెళ్ళిన ఆమె మొగుడు వెర్న్ ఉన్నాడు. ఇద్దరికీ మధ్య నేలలో వేడిగాలి వచ్చే ఇనప జాలీ ఉంది. అందులోంచి మాట వినిపిస్తుంది గానీ మొహం కనిపించదు. వాళ్ళకదే హాయి.

“వెలిగిందా?”

“లేదు.”

“సరిగ్గా చూశావా, ఐలీ?”

“చూడ్డానికి ఏముంది వెర్న్? నల్లగా, గుండ్రంగా ఉంది. అట్లపెనం గోడకి తగిలించినట్టుంది.”

“కాసేపు ఆగు. కొత్తవి ఒక పట్టాన లేవవు.”

“పొద్దున నేనే బిగించాను. లోపలి బ్యాటరీ ఉన్నంతసేపు కాస్త వెలిగింది, చచ్చింది. అందుకేగా నిన్ను పిలిచాను. పాత థర్మోస్టాట్ ఇన్నేళ్ళూ ఏ కరెంటూ అడగలేదు.”

“పాతది స్విచ్చి లాంటిది. రెండు తీగల్ని కలుపుతుంది, విడదీస్తుంది, అంతే దాని పని. ఇది ఫోను లాంటిది. పొద్దస్తమానం కరెంటు తాగుతూనే ఉండాలి. దానికి మూడో తీగ కావాలి.”

“రెండింటితో సర్దుకోదా?”

“సర్దుకోదు.”

“వచ్చీ రాగానే గొంతెమ్మ కోరికలు. కాఫీ తాగుతావా?”

“వద్దులే. నీకెందుకు శ్రమ.”

“సరే.”

“ఇది ఇవాళే బిగించాలా?”

“రేపు పొద్దున నా విమానం. మా చెల్లెలు హెల్మీ దగ్గరికి, అరిజోనాకి. చెప్పాగా.”

“చెప్పావు. ఎన్నాళ్ళు?”

“మంచు కరిగేదాకా. ఆ తర్వాత చూద్దాం.”

“చూద్దామంటే?”

“చూద్దామంటే చూద్దామనే. హెల్మీ రమ్మని అడిగింది.”

“అడిగిందా?”

“అడిగింది. నువ్వు తీగ చూడు.”

“చూస్తున్నా.”

“ఇల్లు ఖాళీగా ఉంటే పైపులు గడ్డకట్టి పగిలిపోతాయి. ఇదైతే అక్కడ కూర్చుని ఫోన్లో చూసుకోవచ్చు, ఇల్లెంత వెచ్చగా ఉందో. ఒకళ్ళ మీద ఆధారపడక్కర్లేదు.”

“నేను వచ్చి చూసేవాణ్ణి.”

“ఏమన్నావ్?”

“ఏం లేదు. ఇక్కడ సాలెగూళ్ళు చాలా ఉన్నాయన్నాను.”

“ఉంటాయి. నువ్వు వెళ్ళాక ఎవరూ దిగలేదు.”

“అయితే ఇది వెలిగితే నువ్వు వెళ్తావు.”

“వెలక్కపోతే ఎలా వెళ్తాను, ఇల్లు గాలికొదిలేసి?”

“నేను సరిగ్గా బిగిస్తే వెళ్తావు.”

“నువ్వెప్పుడైనా ఏదైనా తప్పుగా బిగించావా?”

“లేదు.”

“అదే మరి. వెర్న్? ఉన్నావా?”

“ఉన్నా. ఐలీ, పైన ఇల్లు వెచ్చగా ఉందా?”

“ఉంది.”

“పొద్దుట్నించీ గోడ మీద ఏదీ పనిచెయ్యకపోయినా?”

“నాకూ వింతగానే ఉంది. ఎందుకూ?”

“హాలు గోడలోంచి కిందికి దిగిన తీగలు దొరికాయి.”

“మంచిది.”

“మంచిదే. కానీ అవి ఫర్నేస్‌కి తగిలించి లేవు.”

“ఊడిపోయాయా?”

“ఊడిపోలేదు. చుట్ట చుట్టి, దూలానికి కట్టేసి ఉన్నాయి. ముడి చూస్తే మీ నాన్నదే. పడవకి వేసే ముడి.”

“మా నాన్న ముడి అయితే ఎవరూ విప్పలేరు.”

“కోస్తున్నా.”

“మరి ఇన్నాళ్ళూ ఫర్నేస్‌ని నడిపిందెవరు?”

“బీట్‌రూట్ ఊరగాయ సీసాలు పెట్టే అర ఉందే, దాని వెనకాల ఇంకో థర్మోస్టాట్ ఉంది. చిన్నది. అరవై ఆరు ఫారన్‌హీట్ దగ్గర పెట్టి, ముల్లు కదలకుండా జిగురు పోసేశాడు మీ నాన్న టోయివో.”

“అయితే పైనున్నది?”

“పైది ఉత్సవ విగ్రహం.”

“మనం ఈ ఇంట్లోకి వచ్చినప్పట్నించీనా?”

“అంతకు ముందు నుంచే. తీగల మీద దుమ్ము చూస్తే మన పెళ్ళికి ముందు సంగతి.”

“అవును. మా అమ్మా నాన్నా చలికాలం అంతా ఆ ముల్లు కోసమే కొట్టుకునేవాళ్ళు. ఒక ఏడాది ఉన్నట్టుండి పోట్లాట ఆగిపోయింది. అమ్మ ఎంత తిప్పినా నాన్న కిక్కురుమనేవాడు కాదు. ఆయన మారాడని అమ్మ చుట్టాలందరికీ చెప్పుకుంది.”

“మారింది తీగలు.”

“పోయే ముందు కూడా ఒకటే మాట. థర్మోస్టాట్ బాగానే ఉంది, దాన్ని విప్పకండి అన్నాడు.”

“మాట నిలబెట్టాం.”

“ఆగాగు. నువ్వు రోజూ పడుకోబోయే ముందు దాన్ని అరవై రెండుకి తిప్పేవాడివి.”

“నువ్వు లేచి డెబ్బైకి తిప్పేదానివి.”

“నువ్వు తిప్పాక నాకు వణుకొచ్చేది. రెండు స్వెటర్లు తొడుక్కుని పడుకునేదాన్ని.”

“నువ్వు తిప్పాక నాకు చెమటలు పట్టేవి. లేచి కిటికీ తెరిచేవాణ్ణి.”

“కిటికీ తెరిచేవాడివా?”

“అప్పుడప్పుడు.”

“జనవరిలోనా?”

“కొంచెమే. బెత్తెడు.”

“అందుకే నాకు వణుకు!”

“కొంత.”

“కాఫీ కాచాను. పొయ్యనా?”

“వద్దులే. ఇందాకే లెస్టర్ ఇంట్లో తాగొచ్చాను.”

“మీ అన్నయ్య కాఫీ అంట్లు కడిగిన నీళ్ళలా ఉంటుంది.”

“ఉంటుంది.”

“వెర్న్, దీని కోసమేగా నువ్వు ఇల్లొదిలి పోయింది.”

“దీని కోసమే.”

“దేనికీ తగలని ముల్లు కోసం.”

“నవ్వకు.”

“నవ్వట్లేదు. ఏడుపొస్తోంది.”

“ఐలీ.”

“రావట్లేదు. వచ్చి పోయింది. తీగ సంగతి చెప్పు.”

“చుట్ట విప్పాను. ఎరుపు ఒకటి, తెలుపు ఒకటి. వాటికి అంటుకుని నీలం ఒకటి. నీలాన్ని ఎవరూ వాడలేదు.”

“అదేనా మూడోది?”

“అదే. ఎప్పట్నించో ఇక్కడే పడుంది.”

“పనికొస్తుందా?”

“రెండు చివరలా తగిలిస్తే వస్తుంది. ఇక్కడ నేను, అక్కడ నువ్వు. ఆగు, ముందు ఫర్నేస్ ఆపనీ. ఆపాను. ఇప్పుడా అట్లపెనం ఊడదీసి గోడ లోపల చూడు.”

“చూస్తున్నా. ఎరుపు, తెలుపు నేను పొద్దున తగిలించినవే. నీలం... లోపలికి మడిచేసి ఉంది. దొరికింది!”

“చివర కాస్త ఒలిచి, సి అని రాసున్న రంధ్రంలో దూర్చు.”

“దూర్చాను.”

“లాగి చూడు.”

“రావట్లేదు.”

“ఇక్కడ నేనూ బిగించాను. మీ నాన్న పెట్టింది పీకేశాను. ఫర్నేస్ వేస్తున్నా.”

“వెర్న్.”

“ఊఁ.”

“వెలిగింది. విన్నావా? వెలిగింది. నీలంగా, చక్కగా ఉంది.”

“విన్నాను. మంచిది.”

“నీ గొంతు వింటే మంచిదన్నట్టు లేదు.”

“బేస్‌మెంట్‌లో గొంతులు ఇలాగే ఉంటాయి.”

“ఎంత పెట్టాలని అడుగుతోంది.”

“డెబ్బై పెట్టు.”

“అరవై రెండు పెడతాలే.”

“వద్దు. వణుకుతావు.”

“డెబ్బై అయితే నీకు చెమటలు.”

“నేనిక్కడ ఉండను కదా.”

“నేనూ ఉండను కదా.”

“అవును. అయితే యాభై ఐదు చాలు. ఖాళీ ఇంటికి పైపులు పగలకపోతే చాలు. ఐలీ? పెట్టావా?”

“పైకి రా ముందు. కాఫీ పోసేశాను, చల్లారిపోతోంది.”

“పోసేశావు కాబట్టి వస్తున్నా. సగం కప్పు చాలు.”

“వచ్చావా? నిండా పోశాను. కూర్చో. మూడోసారికి గానీ ఊఁ అనవు కదా.”

“మొదటిసారే ఊఁ అంటే కాఫీకి మొహం వాచాడంటారు. రెండోసారి ఊఁ అంటే మా అమ్మ పెంపకాన్ని అంటారు. మూడోసారి కూడా అడిగారంటే, మర్యాదకి కాదు, మనసుతోనే అడిగారని.”

“నాకు చెప్తున్నావా? నేనూ ఈ ఊరిదాన్నే.”

“ఈ ఊరిదానివైతే సెప్టెంబరులో రెండుసార్లే ఎందుకు అడిగావు?”

“ఏంటీ?”

“గుమ్మం దగ్గర. ‘వెళ్ళకు వెర్న్’ అన్నావు. వద్దులే అన్నాను. ‘ఉండరాదూ’ అన్నావు. వద్దులే అన్నాను. ఆ తర్వాత అడగలేదు.”

“అడగబోయాను! నోరు తెరిచేలోపు నా మొహం మీదే ధడాలున తలుపు వేశావు.”

“నేను వెయ్యలేదు. సరస్సు మీంచి గాలొచ్చి వేసింది.”

“గాలి.”

“గాలే. నేను మెట్ల మీదే నిలబడ్డాను, నువ్వు తలుపు తీస్తావని.”

“నేను ఇటుపక్క నిలబడ్డాను, నువ్వు తీస్తావని.”

“చాలాసేపా?”

“కాళ్ళు పీకేదాకా. నువ్వు?”

“ఎదురింటావిడ వచ్చి, ఏమైనా కావాలా వెర్న్ అని అడిగేదాకా. ఏం లేదు, బయల్దేరుతున్నా అన్నాను. అన్నాక బయల్దేరాలిగా.”

“అనకపోతే ఏం పోయింది?”

“ఇంకేమనాలి? నా పెళ్ళాం మూడోసారి అడుగుతుందేమోనని చూస్తున్నా అనాలా?”

“ఆ కప్పు కింద పెట్టు.”

“ఎందుకు? బావుంది కాఫీ.”

“పెట్టు, వెర్న్. ఉండిపో. ఇది మూడోసారి.”

“మధ్యలో నాలుగు నెలలు గడిచాయి. లెక్కలోకి వస్తుందంటావా?”

“వెర్న్!”

“సరే. ఉంటాను. సరేనన్నానుగా.”

“అయితే వెళ్ళి లెస్టర్ ఇంట్లోంచి నీ పెట్టె తెచ్చుకో.”

“పెట్టె బయట ట్రక్కులోనే ఉంది. అక్కడ దించలేదు.”

“సెప్టెంబరు నించీనా?”

“దించితే వెళ్ళిపోయినట్టు అవుతుందని.”

“బట్టలు?”

“లెస్టర్‌వి వేసుకుంటున్నాను. ఈ చొక్కా వాడిదే.”

“అదే అనుకున్నా. ఏమిటీ పూలు అని.”

“కానీ ఐలీ, రేపు నీ విమానం ఉందిగా.”

“ఏ విమానం?”

“అరిజోనాకి. పెట్టెలేవీ హాల్లో కనపడలేదే. సర్దుకున్నావా?”

“లేదు.”

“టిక్కెట్టు?”

“కొనలేదు.”

“మరి ఇంతసేపూ ఆ తీగలతో నాచేత ఇంత చాకిరీ... హెల్మీ రమ్మందన్నావు కదా?”

“అంది. రెండుసార్లే అంది.”