మామగారి ఇత్తడి పట్టీ

ఆ స్టవ్వు అంత గట్టిగా రుద్దకే తల్లీ, పైనున్న అంకెలు చెరిగిపోతాయి. అచ్చం మీ అమ్మమ్మ వాళ్ళ నాన్న పోలికే నీది. అవును, మా మామగారే. నువ్వు పుట్టకముందే పోయార్లే. స్టేషను ఎదురుగా పెద్ద హోటల్ ఉండేది చూడు, దాని వంటశాల మొత్తం ఆయన చేతికిందే. వంటా? ఏదో ఉండేదిలే. ఆయన ధ్యాసంతా గిన్నెల మీదే. పొద్దున్నే వచ్చి, గోడకి తగిలించిన గరిటెల వెనక వేలు పెట్టి రాసేవారు. జిడ్డు అంటిందా, ఆ వంటవాడి పని అయిపోయినట్టే! "ఇది వంటశాలా, మెకానిక్ షెడ్డా? మీ ఇంట్లో నీ పెళ్ళాం ఇలాగే ఉంచుతుందా?" అని గొంతు చించుకునేవారు. పాపం వాడికి పెళ్ళే కాలేదు. పొగ గొట్టం జాలీలు దింపించి, సోడా వేసిన వేణ్ణీళ్ళలో నానబెట్టించేవారు. మా అత్తగారైతే, "నన్నెప్పుడైనా అంత పరీక్షగా చూశారా ఈయన?" అనేవారు. అంత చేసినా, ఆ పెద్ద పొయ్యి ఎక్కిన ప్రతి గిన్నె అడుగూ బొగ్గులా నల్లబడేది. మంట పసుప్పచ్చగా లేచి మసి కక్కేది. ఆయన చొక్కా విప్పి కూచుని, రోజూ ఆ మసి తోమేవారు.

నేనా? పక్కనే బట్టల షాపులో మీటరు కర్ర పట్టుకునేవాణ్ణి. మీ అమ్మమ్మ దిండు గలీబులకి గుడ్డ కొనడానికి వచ్చేది. అన్నిసార్లు కొన్నదంటే వాళ్ళింట్లో ఎన్ని దిండ్లుండాలో నువ్వే చెప్పు. సరే, ఇద్దరం ఒక మాట అనుకున్నాం, నేను వెళ్ళి పిల్లనిమ్మని అడిగాను. ఆయన నా మొహం చూళ్ళేదు, గోళ్ళు చూశారు! "నోటితో అందరూ బాగానే చెప్తారోయ్. ఆదివారం మధ్యాహ్నం రా. ఆ పెద్ద పొయ్యి విప్పి, కడిగి, బిగించి, వెలిగించు. పెళ్ళి మాట అప్పుడు చూద్దాం" అన్నారు. వెళ్ళాను. విప్పాను. బర్నరు కన్నాలన్నీ పిన్నీసుతో పొడిచి, బ్రష్షుతో రుద్ది, తుడిచి, ఆరబెట్టి బిగించాను. బిగించి చూసుకుంటే ఏముంది, చేతిలో ఒక ఇత్తడి పట్టీ మిగిలిపోయింది. గాజంత ఉంది. ఎక్కడిదో తెలిస్తే ఒట్టు! ఆయనేమో ఎదురుగా నడుం మీద చేతులేసుకుని నిలబడ్డారు. ఇంకేం పెళ్ళి అనుకున్నాను. "ఇది మిగిలిందండీ" అని చెయ్యి చాపాను. ఆయన మొహం మాడిపోయింది. "గాలి కన్నాల్లోకి జిడ్డు పోకూడదని నేను దగ్గరుండి చేయించి తొడిగించిన పట్టీరా అది! దాన్నే వదిలేశావా? ముందు వెలిగించు, నీ సంగతి తర్వాత చెప్తా!"

వెలిగించాను. నీలంగా మండిందే! చుక్క పొగ లేదు. ఆయన నీళ్ళ గిన్నె పెట్టారు. మరిగింది. దింపి, నీళ్ళు పారబోసి, తిరగేసి అడుగున వేలు రాశారు. ఏమీ అంటలేదు. అంటే చూడు, ఇన్నేళ్ళూ ఆ పట్టీతో పొయ్యికి ఊపిరాడకుండా చేసిందీ ఆయనే, అది కక్కిన మసి తోమిందీ ఆయనే. వంటవాళ్ళకి తెలీదా అంటావా? తెలుసు. ఎవడు చెప్తాడు! అందరూ గోడవైపు తిరిగి, నవ్వాపుకోలేక భుజాలు ఊపుతున్నారు. ఆయన స్టూలు మీద కూలబడి, ఆ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, "మరి రేపట్నుంచి నేనేం తోమాలోయ్?" అన్నారు.

నవ్వు, నవ్వు. నేనూ నవ్వేవాణ్ణే, పిల్ల కావాలి కాబట్టి ఆపుకున్నాను. పిల్లనిచ్చారు, మాట తప్పలేదు. కానీ మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆ పట్టీ మళ్ళీ తొడిగేశారు! పోయేదాకా తియ్యనివ్వలేదు. చొక్కా విప్పుకుని, కూనిరాగం తీస్తూ తోముకునేవారు. నాకు ఆ మనిషంటే ప్రాణం అయిపోయిందే. ఆయన పోయాక, తీసెయ్యమంటారా అని వంటవాళ్ళు అల్లుణ్ణి కదా అని నన్నడిగారు. ఉండనివ్వండ్రా అని, ఒక గిన్నె ముందేసుకుని నేనే కూచున్నాను. ఎంత తోమినా వదలదే ఆ మసి! ఎలా వదిలించేవారో అడుగుదామని తలెత్తాను...

సర్లే. వెళ్ళి కాస్త టీ పెట్టు.