ముందు తలుపు

సేవా క్లబ్బు హాలు ముందు కార్యదర్శికి చెమటలు పడుతున్నాయి. సమాన హక్కుల సభలో సన్మానం అందుకోవాల్సిన దర్జీ పెద్దమ్మ మెట్ల మీదే కూర్చుండిపోయింది.

“లేవండి పెద్దమ్మా. వేదిక ఎక్కేవాళ్లు వెనక తలుపు నుంచి రావడం మా పద్ధతి.”

“నాకు తెలీని పద్ధతా నాయనా? అప్పట్లో మా వీధివాళ్లందరికీ వెనక తలుపే. అది మార్చమనే ఈ మెట్ల మీద పదకొండు రోజులు కూర్చున్నాను. ఈ సన్మానం అందుకేగా?”

కార్యదర్శి నాలుక కరుచుకున్నాడు.

“ముందు నుంచి దారి లేదమ్మా. నడవ నిండా కుర్చీలు వేసేశాం. మీరు రావాలంటే హాల్లో సగంమంది లేవాలి.”

“లేవనీ. ఆ పదకొండు రోజుల్లో నాకోసం ఒక్కరూ లేవలేదు.”

కార్యదర్శి ముందు తలుపు బార్లా తెరిచి, లోపలికి కేకేశాడు.

“అందరూ లేవండి!”