గొట్టం అడుగున మడ్డి

నా పేరు ఇందాకే రాసుకున్నారు. వయసు నలభై నాలుగు. ఆహార పరీక్షల ల్యాబులో నమూనాలు సిద్ధం చేసే విభాగం నాది. అక్కడ నన్ను వెనకాల ‘చాదస్తం’ అంటారు. ముందర కూడా అంటారు. చెత్తలోంచి పరీక్ష గొట్టం దొంగిలించానని మా డైరెక్టరుగారి ఫిర్యాదు. తీసిన మాట నిజం. ఎందుకు తీశానో చెబుతాను, మధ్యలో ఆపకండి.

సోమవారం ఉదయం మీ పోలీసు సీలు వేసిన బిస్కెట్ ప్యాకెట్ వచ్చింది. వేరుశనగ పడని నాలుగేళ్ల బాబు అవే బిస్కెట్లు తిని చనిపోయాడు. ప్యాకెట్ మీద వేరుశనగ లేదని ఉంది. తల్లే ఇంట్లో ఇంకేదో పెట్టిందని కంపెనీ వాదన. మీరూ ఆమె మీదే కేసు రాశారు.

బిస్కెట్‌లో పిండి, చక్కెర, కొవ్వు అన్నీ కలగాపులగంగా ఉంటాయి. పొడి చేసి, కొవ్వు కడిగేసి, చిక్కటి యూరియా ద్రావణంలో నానబెడితే గానీ ప్రొటీన్లు బయటికి రావు. వాటిని ఎంజైముతో ముక్కలు చేసి, శుభ్రం చేసి, మాస్ స్పెక్ యంత్రానికి ఇవ్వాలి. ముక్కల బరువును బట్టి అవి ఏ గింజవో తెలుస్తుంది. అలాగే చేశాను. వేరుశనగ దొరికింది. పక్కనే బిస్కెట్ వేయని ఖాళీ గొట్టాన్నీ అదే పద్ధతిలో నడిపాను. అందులో నా చర్మం తాలూకు ప్రొటీన్ తప్ప ఏమీ లేదు.

“నువ్వే పల్లీలు తిని చేతులు కడుక్కోకుండా వచ్చుంటావమ్మా,” అన్నారు డైరెక్టరుగారు.

“మరి ఖాళీ గొట్టంలో ఎందుకు లేవు సార్? నా పల్లీలు బిస్కెట్‌నే వెతుక్కుంటూ వెళ్లాయా?”

“నోరు మరీ ఎక్కువైంది నీకు. తప్పుకో, నేను చేస్తాను.”

చేశారు. ఛీ, ఏం చేశారు! కొవ్వు కడగలేదు. యూరియా జోలికే పోలేదు. మామూలు నీళ్లు పోసి, గొట్టాన్ని గిర్రున తిప్పి, పైన తేరిన నీటిని యంత్రానికి ఇచ్చారు. వేయించిన వేరుశనగ ప్రొటీన్ నీటిలో సరిగా కరగదు. అది అడుగున మడ్డిలోనే ఉండిపోయింది. ఆ మడ్డిని గొట్టంతో సహా చెత్తలో పారేశారు. తెలియక చేస్తే జాలిపడేదాన్ని. ఈ పని నాకు నేర్పింది ఆయనే! ‘వేరుశనగ లేదు’ అని సంతకం పెట్టి, కంపెనీవాళ్లతో ఫోనులో ఇకిలిస్తూ మాట్లాడారు.

గురువారం బాబు తల్లి వచ్చింది. సంచి నిండా గరిటెలు, చెంచాలు, బాబు గిన్నె. అన్నీ బల్ల మీద పేర్చింది.

“అక్కా, వీటిలో దేనికి అంటుకుందో చూసి చెప్పక్కా. బాగానే తోముతాను. ఏదో ఒకటి సరిగా తోమలేదేమో,” అంది.

“పెట్టి వెళ్లమ్మా, చూస్తాం,” అన్నారు డైరెక్టరుగారు. చూస్తారట! ఆమె గుమ్మం దాటగానే చేతులకు శానిటైజర్ రాసుకున్నారు. ఆమె గరిటె తగిలినందుకు. రోత పుట్టింది నాకు.

అప్పుడే చెత్త డబ్బాలో మోచేతి దాకా చేయి పెట్టాను. వాడిపారేసిన గ్లోవ్స్, కుళ్లిన గుడ్ల కంపు కొట్టే మందు. ఆయన సెంటు వాసన కన్నా అదే నయం. గొట్టం దొరికింది, దాని మీద ఆయన చేతిరాతే ఉంది. ఐసు పెట్టెలో పెట్టుకుని ఇక్కడికి వచ్చాను. నాకన్నా ముందు ఆయన ఫోను వచ్చిందట. మిగిలిన సగం ప్యాకెట్ ల్యాబు ఫ్రిజ్‌లో ఉంది, మాయం కాకముందే తెచ్చుకోండి. రెండూ వేరే ల్యాబుకు పంపండి. నా మాట నమ్మనక్కర్లేదు.

రాసింది చదివించుకుని విన్నాను. నేను చెప్పినట్టే ఉంది, అంతా నిజం. దొంగతనం కేసు పెడితే పెట్టుకోండి. ముందు మాత్రం ఈ కాగితం ఆ తల్లికి చదివి వినిపించండి. ఇంట్లో ఇంకా ఏ గిన్నె తోముతూ కూర్చుందో.

(సంతకం)