ఆ బీరువా తాళం ఎవరికిస్తారు?

సభాధ్యక్షులు, మా సూపరింటెండెంట్ మోహనకృష్ణ గారికి, తోటి డాక్టర్లకి, సిస్టర్లకి, వార్డు సిబ్బందికి, ఫిషింగ్ హార్బర్ నుంచి పనిగట్టుకుని వచ్చి రెండో వరసలో కూర్చున్న దాలయ్యకి, ఆయన భార్య సూర్యకాంతమ్మకి, కూర్మన్నపాలెం బస్సు వెళ్లిపోతుందేమోనని గుమ్మం వైపే చూస్తున్న మిగతా అందరికీ నా నమస్కారాలు. (నవ్వులు)

నా రిటైర్మెంటు సభ కదా అని ఇందాకటి నుంచి వక్తలంతా, క్యాజువాలిటీ కామేశ్వరి గారిది నోరు గట్టిదే గానీ మనసు వెన్న అన్నారు. మనసు సంగతి అలా ఉంచండి. ఆ నోరు ఇన్నేళ్లూ దేనికోసం అరిచిందో ఒక్కరైనా చెబుతారేమోనని చూశాను. ఎవరూ చెప్పలేదు కనక నేనే చెబుతాను.

మన స్టోరు గదిలో ఒక గాజు బీరువా ఉంది. గుండె ఆగిన మనిషి ఛాతీ మీద ఎలా నొక్కాలో నేర్పే రబ్బరు బొమ్మ అందులో ఉంటుంది. పోరి పోరి నేనే తెప్పించాను. వచ్చిన నాటి నుంచి దాని ప్లాస్టిక్ కవరు ఊడలేదు. అడిగితే మన స్టోర్ కీపర్ తాతబాబు "పాడైపోద్ది మేడమ్" అంటాడు. దసరాకి మాత్రం బయటికొస్తుంది. ఆయుధపూజలో కవరు మీదనే బొట్టు పెట్టి, నిమ్మకాయ తిప్పి, మళ్లీ లోపల పెట్టి తాళం! (నవ్వులు) నవ్వండి, నవ్వండి. ఆ ఫోటోల్లో మీరంతా ఉన్నారు.

బొమ్మ దొరక్క మీకు దిండ్ల మీద నేర్పాను. దిండుకి నొప్పి లేదు, ఎముకల్లేవు. అంచేత మీకు వచ్చేసిందనుకున్నారు.

మొన్నామధ్య దాలయ్య సుగరు చూపించుకోవడానికి వచ్చి ఓపీ లైన్లో కుప్పకూలాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. గుండె ఆగినప్పుడు కూడా కాసేపు అలా కొట్టుకుంటాయని మీకు నేర్పేటప్పుడే గొంతు చించుకుని చెప్పాను. వింటేనా? అందరూ ఫిట్స్ అనుకున్నారు. "ఇనుము పట్టిస్తే తగ్గిపోద్ది" అంటూ తాతబాబు పరుగెత్తుకొచ్చి తన తాళాల గుత్తి దాలయ్య గుప్పిట్లో పెట్టి మూశాడు. అయ్యా, బొమ్మ బీరువా తాళంచెవి ఉన్నది ఆ గుత్తిలోనే! నేను వచ్చేసరికి చుట్టూ తెల్లకోట్లు, మధ్యలో ఊపిరి లేని మనిషి, అతని చేతిలో ఆ తాళాలు. నవ్వాలో ఏడవాలో... ఏడుపే వచ్చింది నాకు.

సిస్టర్ శ్రీసత్య మోకాళ్ల మీద కూర్చుని నొక్కడం మొదలుపెట్టింది, దిండు నొక్కినట్టే. "గట్టిగా నొక్కమ్మా!" అని అరిచాను. నొక్కింది. పక్కటెముక పటుక్కుమంది. పిల్ల చేతులు తీసేసింది.

"విరిగిపోయింది మేడమ్!"

"విరగనీ, అతుక్కుంటుంది. నువ్వు ఆపితే మనిషి పోతాడు!"

ఇటు సూర్యకాంతమ్మ నా కొంగు పట్టుకుని "ఏటి సేత్తన్నారమ్మా, మావోడ్ని సంపేత్తన్నారు!" అని ఒకటే గోల. శ్రీసత్య ఏడుస్తూనే మళ్లీ నొక్కింది. షాక్ మెషిన్ వచ్చింది, గుండె తిరిగి కొట్టుకుంది. ఇందాక గుమ్మంలో దాలయ్య నాతో ఏమన్నాడో తెలుసా? "నాను బతికాను గానీ డాట్రమ్మా, నవ్వితే నొప్పెడతంది." అందుకని ఇకనుంచి నవ్వించే మాటలు తగ్గిస్తాను.

మీరంతా నాది కోపం అనుకున్నారు. కాదు, అది భయం. ఆ రోజు, ఎముక విరిగినా చెయ్యి ఆపకూడదని అరిచే మనిషి పక్కనుంది. రేపు ఉండదు. రేపు ఆ లైన్లో పడిపోయేది ఎవరి మనిషో మనకి తెలియదు. నా దిగులంతా అదే.

మోహనకృష్ణ గారూ, శాలువా బాగుంది, దండ బాగుంది. కానీ నాకు కావలసింది ఆ బొమ్మ వారం వారం బయటికి రావడం. అది అరిగిపోవాలి సార్, చినిగిపోవాలి. తల ఊపుతున్నారు, సంతోషం. మీ తల ఊపడం చాలాసార్లు చూశాను, తాళమే చూడలేదు. (నవ్వులు)

ఆఁ, తాతబాబు లేచాడు. రా నాయనా, రా. అదేంటయ్యా, తాళాల గుత్తి నా చేతిలో పెడుతున్నావు? నాకేం ఫిట్స్ రాలేదు! (నవ్వులు, చప్పట్లు) ఆ పిల్లకివ్వు. శ్రీసత్యా, ఆ ఒక్క తాళంచెవి గుత్తిలోంచి తీసి నీ దగ్గరే పెట్టుకో. మళ్లీ అడిగినా ఇవ్వకు.

ఇన్నాళ్లూ నా అరుపులు భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. భోజనాలు సిద్ధంగా ఉన్నాయట. ముందు బొమ్మ ఇక్కడికి వస్తుంది. కవరు చింపి, ఒక్కొక్కరూ చెమట పట్టేదాకా నొక్కాకే విస్తరి దగ్గరికి. దాలయ్యా, నువ్వు మాత్రం నేరుగా వెళ్లి కూర్చో. నీ వంతు అయిపోయింది.

సెలవు.